నూటికి పదమూడు

సికింద్రాబాద్‌లోని ఆ ల్యాబ్‌లో ఒక గదికి పగలైనా చీకటే. అక్కడ ఊపిరితిత్తి కణితి ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి కణాలు లెక్కపెడతారు. కణంలో ఎర్ర చుక్క, పచ్చ చుక్క అంటుకుని ఉంటే జన్యువు బాగున్నట్టు. విడిపోతే మారినట్టు.

వంద క్యాన్సర్ కణాల్లో పదిహేనైనా మారి ఉంటే కొత్త మందు ట్రయల్‌లో చోటు దొరుకుతుంది. ఒక్కటి తగ్గినా లేదు. అలాంటి రోగికి ఇక ఇవ్వడానికి వేరే మందూ లేదు.

ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టాలి, సగటు తీయాలి. స్లైడ్ మీద పేరుండదు, పేరు తీసేసి వరహాలు అంటించే నంబరు తప్ప.

వరహాలు ఆ గదికి సీనియర్. శ్రీకాకుళం మనిషి. చుక్కలు విడిపోయాయో లేదో తేలని కణాలు కొన్ని ఎప్పుడూ తగులుతాయి. ఇరవై ఏళ్లుగా వాటిని ఆయన రోగి వైపే వేస్తున్నాడు. "డౌటొస్తే పేషెంటుకే ఇవ్వాలమ్మా" అని ఊర్మిళకు నేర్పింది కూడా ఆయనే.

ఊర్మిళ జూనియర్, మల్కాజ్‌గిరి పిల్ల. తోటివాళ్లంతా సాఫ్ట్‌వేర్ కొలువుల్లో చేరిపోతుంటే ఈ గుహలో కూర్చున్నందుకు ఇంట్లో రోజూ తిట్లు తింటోంది.

ఆ రోజు నలభై ఏడో నంబరు స్లైడ్. ఊర్మిళ లెక్క పదిహేను. వరహాలు మూడుసార్లు చూశాడు. పక్కన టీ చల్లారిపోయింది. చివరికి పదమూడు రాసి సంతకం పెట్టాడు.

సగటు పద్నాలుగు.

ఊర్మిళ ఆయన కాగితం చూసి ఉలిక్కిపడింది.

"ఏంది సార్ గిది? డౌట్ కణాలు మూడు పక్కకు పెట్టిన్రు. ఎప్పుడూ కలుపుతరు గదా?"

"ఇవాళ కలపనమ్మా."

"ఎందుకు?"

"ఇవాళ నా కంటి మీద నాకు నమ్మకం లేదు."

"అయితే మళ్ల చూడుండ్రి. గా మూడు కలిపితే మందొస్తది సార్! ఎవరో పాపం..."

"సంతకం పెట్టేశాను. ఇంకెన్నిసార్లు చూసినా అంతేనమ్మా."

ఊర్మిళకు ఒళ్లు మండింది. ముసలాయనకు చాదస్తం ముదిరిందనుకుంది. 'అర్హత లేదు' అని టైపు కొట్టి, ప్రింటు తీసి, కవర్లో పెట్టి కొరియర్ ట్రేలో విసిరేసింది.

వరహాలు మెల్లగా లేచి వచ్చాడు. ట్రేలోంచి ఆ కవరు తీసుకున్నాడు.

"కొరియర్ వద్దులేమ్మా, మా ఆవిడకి నేనే చెప్పుకుంటాను."