ముందు చెవిన పడనీ

“నేను దిగను. నా చెవులు బాగుండాయి,” అని తిరుపతి బస్టాండులో ఆగిన బస్సులోనే భీష్మించుకు కూర్చున్నాడు మునిరత్నం.

“పూతలపట్టు కాడ ఎక్కినప్పటి నుంచి అదే పాట. దిగయ్యా,” అంది భార్య ఆనందమ్మ.

“ఫోన్లో తెప్పించుకున్న మిషను చెవిలోనే ఉండాది గదా! దాంతో అన్నీ వినబడతాండాయి. మళ్ళా డాక్టరెందుకు?”

అతని చెవిలోని మిషను కుయ్యిమని కూసింది. ముందు సీట్లో నిద్రపోతున్న పసిబిడ్డ ఉలిక్కిపడి ఏడుపందుకుంది. ఆ కూత వినబడనిది ఒక్క మునిరత్నానికే.

కండక్టరు వచ్చాడు. “దిగండి పెద్దాయనా, బస్సు డిపోకు పోవాల.”

“టిఫినా? అయిందప్పా. ఇడ్లీ తినే బయల్దేరినాం,” అన్నాడు మునిరత్నం మర్యాదగా.

బస్సులో మిగిలినవాళ్ళంతా నవ్వారు. కూతురు కోమలి మాత్రం నవ్వలేదు. తండ్రి చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించింది.

వినికిడి పరీక్షలు చేసే చోటు ఒక మేడ మీద ఉంది. తెల్లకోటు వేసుకున్న కుర్రాడు ఎదురొచ్చి లోపలికి పిలిచాడు. మునిరత్నం భార్య చెవి దగ్గరికి వంగి, “ఇంత సిన్న పిల్లోడా సూసేది?” అని అడిగాడు. తాను గుసగుసలాడాననే అనుకున్నాడు. బయట వరసగా కూర్చున్న జనమంతా తలలు తిప్పి చూశారు. ఆ కుర్రాడు చెవుల దాకా ఎర్రబడి, తల దించుకుని పరీక్షకు సిద్ధం చేశాడు.

చెవుల్లోకి లైటు వేసి చూశాడు. తర్వాత శబ్దం చొరబడని చిన్న గదిలో కూర్చోబెట్టి, తలకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చాడు. “పెద్దాయనా, శబ్దం వినబడినప్పుడల్లా ఇది నొక్కండి,” అని గట్టిగా, నిదానంగా చెప్పాడు.

మునిరత్నం గట్టివాడు. తలుపు మూశారో లేదో, టక్, టక్, టక్ అని ఒకే వరసన నొక్కుతూ పోయాడు. కాసేపటికి తలుపు తెరుచుకుంది.

“ఎట్లుండాయి నా చెవులు?” అన్నాడు దర్జాగా.

“తెలీదు పెద్దాయనా. నేనింకా శబ్దం పెట్టనే లేదు.”

ఆనందమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మునిరత్నం ఈసారి బుద్ధిగా నొక్కాడు. అలా నొక్కాల్సిన అవసరం అతనికి పెద్దగా రాలేదు.

“మనిషి గొంతు మీకు తెలుస్తుంది. మాటలే విడివిడిగా తెలియవు,” అన్నాడు కుర్రాడు పరీక్ష కాగితం మీది గీతలు చూపిస్తూ. “మీ మిషను అన్ని శబ్దాల్నీ ఒకేలా పెంచుతుంది. మీ చెవికి ఏది ఎంత కావాలో చూసి అమర్చాలి. అలవాటయ్యేదాకా మళ్ళీ మళ్ళీ వచ్చి సరి చేయించుకోవాలి.”

పాతది తీసి, రెండు చెవులకూ కొత్తవి పెట్టాడు. కంప్యూటరు ముందు కూర్చుని ఏదో తగ్గించాడు, ఏదో పెంచాడు.

మునిరత్నం ఒక్కసారిగా తలెత్తాడు. పైన ఫ్యాను కిర్రుమంటోంది. కింద రోడ్డు మీద ఎవరో జామకాయలని కేకేస్తున్నారు. పక్కనే గలగలమని సన్నటి చప్పుడు.

“యేమే, ఈ గాజులెప్పుడు ఏసుకున్యావు?”

“మూడేండ్లయింది,” అంది ఆనందమ్మ. ఆమె కళ్ళు చెమర్చాయి.

కుర్రాడు గొంతు సవరించుకున్నాడు. “అమ్మా, మీరు ఆయన వెనక్కి పోయి, ఇంట్లో మాట్లాడినట్టే మెల్లగా ఏదైనా మాట్లాడండి. ఎంతవరకు వినబడుతుందో చూద్దాం.”

ఆనందమ్మ కూతురి వంక చూసింది. కోమలి తల వంచుకుంది. ఆనందమ్మ భర్త వెనక నిలబడి మెల్లగా అంది. “కోమలి ఇష్టపడిన పిల్లోని సంగతి నీకు చెప్పినా గదా. నువ్వు సరే అన్న్యావు గదా.”

మునిరత్నం కుర్చీతో సహా తిరిగాడు. “యా పిల్లోడు? నేనెప్పుడంటి సరే?”

“మొదట చెప్పినప్పుడు ‘సరే, దోసె తింటా’ అన్న్యావు. మళ్ళా చేను కాడ అడిగితే తలకాయ ఊపితివి.”

“టమోటా నారు సంగతనుకున్న్యా!”

మునిరత్నానికి మొహం చెల్లలేదు. మళ్ళీ చెప్పమంటే చెవుడంటారని, ఇంట్లో ఇన్నాళ్ళూ ప్రతిదానికీ తల ఊపుతూ వచ్చాడు. కన్నబిడ్డ పెళ్ళికి కూడా అలాగే ఊపేశాడన్నమాట.

“నాకు వినబడలేదని మీకు తెలుసు. నేనూపిన తలకాయనే సాలనుకుని ముహూర్తం పెట్టేస్తిరా?” అన్నాడు మునిరత్నం.

“నేనైతే పెట్టేద్దామన్న్యా,” అంది ఆనందమ్మ. “ఆ పిల్లోడే ఒప్పుకోలా. ‘ఆయన వినకుండా చెప్పిన సరే నాకొద్దు. ముందు చెవిన పడనీ. విన్నాక కాదన్నా పరవాలేదు’ అన్న్యాడు.”

మునిరత్నం తలెత్తి కూతురిని చూశాడు.

“అంత మర్యాద తెలిసిన పిల్లోడు నీకు యాడ దొరికినాడమ్మా? వాణ్ణి నా కండ్లతో సూడాల. యాడుండాడు?”

కోమలి నోరు తెరిచేలోపే కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాడు లేచి నిలబడ్డాడు. ఈసారి గట్టిగా కాదు, మామూలు గొంతుతోనే అన్నాడు.

“ఈడే ఉండాను, మామా.”