ఇద్దరి పని

కొలిమిలోకి గాలి ఊదే బ్లోయరు స్విచ్చు వెయ్యగానే పెట్టెలోని దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి.

"మళ్ళీ పోయింది," అన్నాడు ఆపరేటరు, గోడతో చెప్పుకుంటున్నట్టు.

అది కరెంటు దహనవాటిక. కొలిమిని నడిపించే బుర్రంతా గోడకున్న ఇనప పెట్టెలో ఉంటుంది. దాన్ని కంట్రోలరు అంటారు. ఆ బుర్ర పొద్దుటినుంచీ మూర్ఛపోతూ, లేస్తూ, మళ్ళీ మూర్ఛపోతూ ఉంది.

బయట వరండాలో ట్రాలీ మీద ఒక పెద్దావిడ ఉంది. చుట్టూ కొడుకులూ, అల్లుళ్ళూ, మనవలూ.

"మా అమ్మ బతికున్నన్నాళ్ళూ ఎక్కడా ఒక్క క్షణం ఆగలేదు. చివరికి మీరు ఆపారయ్యా!" అన్నాడు పెద్దకొడుకు.

"బావా, అసలితనికి మెషీను నడపడం వచ్చో రాదో ముందు కనుక్కో," అన్నాడు అల్లుడు, లోపలికి వినబడేలా.

ఆపరేటరు మళ్ళీ మీటరు అందుకున్నాడు.

కంపెనీకి ఫోను చేస్తే, "కంట్రోలరు పోయుంటుంది, మార్చెయ్," అన్నారు. మార్చాడు. కొత్తదీ అదే దారి పట్టింది. మీటరు పెట్టి చూస్తే కరెంటు సరిగ్గానే వస్తోంది, ఇరవై నాలుగు వోల్టులు. ఇంక ఎవర్ని అనాలి?

ఇదివరకు అతనికి తోడు ఒకాయన ఉండేవాడు. ఆయన రిటైరయ్యాక ఆ చోట్లో ఎవర్నీ వెయ్యలేదు. ఇద్దరి పని ఒక్కడి నెత్తిన పడింది.

గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. నలిగిన చొక్కా, మాసిన గడ్డం. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టున్నాడు.

పెద్దావిడ తాలూకు మనిషే అనుకున్నాడు ఆపరేటరు. వచ్చినవాళ్ళలో అరవనివాడు ఈయనొక్కడే.

"బాబాయ్, ఓ చెయ్యి వేస్తారా?"

"ఏం చెయ్యాలో చెప్పండి."

"ఈ మీటరు పుల్లలు రెండూ ఇక్కడ ఆనించి పట్టుకోండి. నేను గోడవతలికెళ్ళి స్విచ్చు వేస్తాను. అంకె ఎంతుందో చెబుతూ ఉండండి. ఇది షాకు కొట్టేది కాదులెండి, భయపడకండి."

"నాకింకేం భయం బాబూ," అని పట్టుకున్నాడు.

ఆపరేటరు గోడవతలికి వెళ్ళాడు.

"ఎంతుంది?"

"ఇరవై నాలుగు."

స్విచ్చు వేశాడు.

"ఇప్పుడో?"

"పదిహేనుకి పడింది... దీపాలు పోయాయి... ఇదిగో, మళ్ళీ ఇరవై నాలుగు."

ఆపరేటరుకి అప్పుడర్థమైంది.

కంట్రోలరుకి ఏ రోగమూ లేదు. దానికి అన్నం పెట్టే పవర్ సప్లై డబ్బా ముసలిదైపోయింది. బ్లోయరు లేచేటప్పుడు పడే బరువు మొయ్యలేక చతికిలబడుతోంది. కంట్రోలరు ఆకలికి కళ్ళు తిరిగి పడిపోతోంది. అప్పుడు బ్లోయరూ ఆగుతుంది, బరువు దిగుతుంది, అంకె మళ్ళీ బుద్ధిమంతుడిలా నిలబడుతుంది.

స్విచ్చు గోడకి అటు, పెట్టె గోడకి ఇటు. అటు స్విచ్చు వేసి ఇటు పరిగెత్తుకొచ్చి చూసేసరికి ప్రతిసారీ అంతా అయిపోయి, ఇరవై నాలుగే కనబడేది.

కొత్త సప్లై లేదు. గేటు మోటారుకున్న చిన్నదాన్ని ఇద్దరూ కలిసి ఊడదీసుకొచ్చారు. జారిపోయిన మరమేకు కోసం ఆ మనిషి నేలంతా తడిమి, బీరువా కిందనుంచి తీసిచ్చాడు.

అల్లుడు తొంగిచూశాడు. "ఇద్దరూ కలిసి ఏం వండుతున్నారక్కడ? మీరయినా కాస్త తొందరపెట్టండి ఆయన్ని."

"అయిపోతుందండీ. పిల్లలు దాహమంటున్నట్టున్నారు, ఉండండి," అంటూ ఆ మనిషి కూజా పట్టుకుని బయటికి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి ఆపరేటరు తీగలు బిగిస్తున్నాడు.

"ఇది గేటు లాగే సరుకు బాబాయ్. ఒకళ్ళ వరకూ మోస్తే గొప్ప. ఆ తర్వాత నా చేతుల్లో లేదు."

ఆ మనిషి ఆ చిన్న సప్లైకేసీ, గుమ్మం బయటికీ చూశాడు.

"అయితే ముందు పెద్దావిడది కానివ్వండి," అన్నాడు.

బ్లోయరు లేచింది. దీపాలు ఆరలేదు. పెద్దావిడ లోపలికి వెళ్ళింది. అప్పటిదాకా అరిచిన పెద్దకొడుకు చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

అంతా పూర్తయిందో లేదో, పెట్టెలోంచి కమురు వాసన కొట్టింది. చిన్న సప్లై నల్లగా మాడి ఊరుకుంది.

"మన అదృష్టం బాబాయ్! మనవాళ్ళది గట్టెక్కించేసింది," అన్నాడు ఆపరేటరు చెమట తుడుచుకుంటూ.

"మళ్ళీ వెలగదా?"

"ఎక్కణ్ణుంచి వెలుగుతుంది? ఇక కంపెనీవాళ్ళు రావాల్సిందే. రేపో, ఎల్లుండో."

"ఇంకేదైనా దారి..."

"నన్ను కోసినా లేదు."

ఆ మనిషి తలూపాడు. మీటరు పుల్లలకి తీగ చుట్టి, జాగ్రత్తగా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

కాసేపటికి అల్లుడు లోపలికొచ్చాడు. మొహంలో ఇందాకటి కోపం లేదు.

"ఏమీ అనుకోకండి, నోరు జారాను. మీ అసిస్టెంటు మాత్రం బంగారమండీ. పిల్లలకి నీళ్ళు కూడా తనే తాగించాడు."

"నాకు అసిస్టెంటెక్కడున్నాడు? ఆయన మీ మనిషే కదా!"

"మా మనిషా? మాకాయన ఎవరో తెలియదే!"

ఆపరేటరు చేతిలోది అక్కడే పడేసి బయటికి పరిగెత్తాడు.

వాళ్ళ కార్లన్నీ దాటుకుని వెళ్ళేసరికి, వాటి వెనక ఆగివున్న వ్యానులో ఆ మనిషి ఒక్కడే కూర్చుని, నిలువునా కప్పివున్న ఒకావిడ కాళ్ళ మీద దుప్పటి సర్దుతూ, "ఇవాళ అవదటే, ఇంటికి పోదాం," అంటున్నాడు.