గోపాల్ వద్దన్న ఆయిల్

ఆనందబాబు కారు బానెట్ ఎత్తి, గేర్‌బాక్స్ గొట్టంలో గరాటు పెట్టి, ఆయిల్ డబ్బా వంచబోతుండగా ఇంట్లో ఫోన్ మోగింది. భార్య నవోమి గరాజ్‌లోకి తొంగిచూసి, ఎవరో తెలుగావిడట, కారు గురించి మీతోనే మాట్లాడాలంటోంది అని చెప్పింది. అతను డబ్బా పట్టుకునే వెళ్ళి ఫోనందుకున్నాడు.

"బాబూ, నా పేరు జయంతి. మీరు మొన్న కొన్న నల్ల కారు మా అబ్బాయి గోపాల్‌ది," అంది అవతలి గొంతు. "దాంట్లో టైప్ ఎఫ్ పొయ్యకండి. మామూలు ఆయిలే పొయ్యండి. గోపాల్ చెప్పమంటున్నాడు."

ఆనందబాబు చేతిలోని డబ్బా వంక చూశాడు. టైప్ ఎఫ్. అరగంట క్రితం ఆఫీస్ నుంచి వస్తూ కొన్నాడు. ఆ సంగతి నవోమికి కూడా చెప్పలేదు.

మీకెలా తెలుసని అడిగాడు. ఆవిడ తన ధోరణిలో చెప్పుకుపోయింది. మూడో గేర్ పడేటప్పుడు ఆ బండి వెనక భాగం ఎడమకి కొడుతుందట, గోపాల్‌కి అదే బెంగట. ఒకసారి గోపాల్‌కి ఫోనిమ్మంటే, "వాడు ఫోన్ దగ్గరికి రాడు బాబూ," అని పెట్టేసింది.

బండి ఎడమకి కొట్టే మాట నిజమే. కొన్న రోజే ఆనందబాబు అది పసిగట్టాడు. ఎవరితోనూ అనలేదు.

ఆ కారు అతనికి రెండు పనులు చేసిపెట్టాలి. వారమంతా తాముండే ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి ఆఫీస్‌కి, ఆదివారం తెలుగు చర్చికి తీసుకెళ్ళాలి. శనివారం మాత్రం డ్రాగ్ స్ట్రిప్ మీద, పక్క కారుతో పోటీపడి పావు మైలు దూసుకుపోవాలి. మామూలు ఆయిల్‌తో గేర్ వెన్నలో కత్తి దిగినట్టు మారుతుంది, ఆఫీస్‌కి వెళ్ళేటప్పుడు హాయిగా ఉంటుంది. టైప్ ఎఫ్ పోస్తే లోపలి ప్లేట్లు గట్టిగా పట్టేసి, గేర్ వీపు మీద చరిచినట్టు పడుతుంది. స్ట్రిప్ దగ్గర ఎవరినడిగినా టైప్ ఎఫ్ అనే చెప్పారు. రేపు గెలిస్తే పంతొమ్మిది వందల ఎనభై అయిదు సీజన్ ఫైనల్స్‌లో అతని పేరుంటుంది.

భార్యకి సంగతంతా చెప్పి, రేపు పోటీపడేవాడెవడో కావాలని చేయించిన ఫోనేమో అన్నాడు. నవోమి తలూపలేదు.

"ఆవిడ గొంతు అలా లేదండీ," అంది. "వెనకాల ఎవరో చెప్తుంటే విని, ఆగి ఆగి మనకి చెప్తున్నట్టుంది. ఈ ఒక్కసారికి మామూలుదే పోసెయ్యండి."

కొట్టిపారేద్దామనుకున్నాడు గానీ మనసొప్పలేదు. టైప్ ఎఫ్ డబ్బా షెల్ఫ్‌లో పెట్టేసి మామూలు ఆయిల్ పోశాడు.

మర్నాడు మధ్యాహ్నం స్ట్రిప్ మీద పచ్చ లైటు వెలగగానే పక్క కారుకంటే ముందు కదిలింది అతనే. రెండో గేర్ దాకా ముందున్నాడు. మూడోది పడాల్సిన చోట గేర్ జారింది. ఇంజన్ గోలపెట్టింది తప్ప కారు ఊపందుకోలేదు. పక్కవాడు రెండు కార్ల దూరం ముందుకెళ్ళి గెలిచాడు.

ఆనందబాబుకి ఒళ్ళు మండిపోయింది. ఆ గోపాలెవడో నిలదీసి అడగాలనుకున్నాడు. తనకి కారు అమ్మిన పాత కార్ల వ్యాపారి దగ్గర గోపాల్ వాళ్ళ అడ్రస్ తీసుకుని, పక్క ఊళ్ళోనే ఉన్న ఆ ఇంటికి అదే కారులో నేరుగా వెళ్ళాడు.

అరవై ఏళ్ళాయన తలుపు తీసి, తన పేరు రాధాకృష్ణ అన్నాడు. ఆనందబాబు గోపాల్ కోసం వచ్చానన్నాడు. పెద్దాయన వాకిట్లో నిలిపి ఉన్న నల్ల కారును చూసి, బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేశాడు.

తమ అబ్బాయి గోపాల్ పోయి మూడేళ్ళయిందని చెప్పాడు. ఆ కారులోనే. చిన్న తుంపరలో మూడో గేర్ ఒక్క దెబ్బతో పడిందట, వెనక చక్రాలు ఎడమకి జారాయట. జయంతి ఆ తర్వాత మనిషి కాలేదన్నాడు.

ఆనందబాబు కోపం ఎటుపోయిందో తెలియలేదు. "పాపం, అబ్బాయి చెప్పిన మాటలే గుర్తుపెట్టుకుని నాకు చెప్పినట్టున్నారు," అన్నాడు.

"మావాడు వాళ్ళమ్మతో కారు ఊసే ఎత్తేవాడు కాదండీ. రేసులకి వెళ్తాడని కూడా ఆవిడకి తెలీదు," అన్నాడు రాధాకృష్ణ. "మీరు డబ్బా కొన్నారనీ, అందులో ఏముందో కూడా నిన్న సాయంత్రం వంటింట్లో నిలబడి నాతో చెప్పింది. తర్వాతే మీకు ఫోన్ చేసింది."

ఆనందబాబు ధైర్యం కూడదీసుకుని, ఇదంతా బిడ్డ పోయిన దుఃఖం, తను పట్టించుకోనక్కర్లేదు కదా అన్నాడు. అవునని ఆ పెద్దాయన నోట వినాలని ఉంది అతనికి.

రాధాకృష్ణ వెళ్ళి కారు బానెట్ మీద చెయ్యి పెట్టాడు.

"మీకంటే ముందు ఆ కారు కొన్న ఇద్దరికీ నేను అదే చెప్పాను. ఆవిడ మాట పట్టించుకోవద్దని," అన్నాడు. "ఇద్దరి ఫ్యూనరల్‌కీ వెళ్ళొచ్చాను."