ఊయల తాడు

కాస్త ఆగండి, ఇది విని వెళ్లండి!

కారేపల్లి దగ్గర తండాలో, కళ్యాణి ఇంటి నుంచే ఆఫీసు మీటింగ్‌లో ఉంది. కెమెరా ఆన్, మైక్ ఆఫ్. చేతిలో చీర ఊయల తాడు, ఊయలలో పసిపాప.

"వచ్చే నెల నైట్ షిఫ్ట్ ఎవరు చేస్తారు?" అంది స్క్రీన్ మీద మేనేజర్ పద్మప్రియ. కళ్యాణి తాడు గుంజింది. "ఓ, థాంక్యూ కళ్యాణీ! ఎప్పుడూ నువ్వే తలూపుతావు."

కళ్యాణి గబుక్కున మైక్ ఆన్ చేసింది. "అయ్యో మేడమ్, నేను పాపను ఊపుతున్న! తాడు గుంజినప్పుడల్లా తల గూడ ఊగుతది."

"మరి ఆదివారం పనులకు ఒప్పుకున్నది?"

"అది గూడ ఊయలే మేడమ్."

"దేనికీ కాదనవని టీమ్ లీడర్ పోస్టుకు నీ పేరే రాసి పంపానే!"

పక్క గదిలోంచి మొగుడు జగదీష్ ఇయర్‌ఫోన్స్‌తో తొంగి చూశాడు. "ఏందే లొల్లి? నాకు గూడ మీటింగ్ నడుస్తుంది."

"జర ఈ తాడు పట్టరాదు?"

"నా కెమెరా ఆన్‌ల ఉంది. తల ఊగితే మా సార్ ఇంకింత పని అంటగడ్తడు."

కళ్యాణి అతన్నే చూసింది. "అంటే తల ఊగితే పని పడ్తదని నీకు ముందే ఎరుకా?"

జగదీష్ తల లోపలికి లాక్కున్నాడు. తలుపు మూసుకుంది.

"నైట్ షిఫ్ట్ చేస్తేనే ఆ పోస్టు. ఒప్పుకుంటున్నావా?" అంది పద్మప్రియ.

పాప కెవ్వుమంది.

మీరైతే తాడు గుంజుతారా, వెళ్లి ఆ తలుపు బాదుతారా?