ఆయ్ అన్న పాపానికి

“హూ విల్ గో ఫస్ట్?” అని అడిగాడు ఇన్‌స్ట్రక్టర్.

“ఆయ్,” అన్నాడు గణేష్‌బాబు.

అంతే. రాజమండ్రి కాలేజీ కుర్రాళ్ళందరూ చప్పట్లు కొట్టారు.

పాపం, అతను ముందు వెళ్తానని అనలేదు. పెద్దవాళ్ళు ఏం మాట్లాడినా ముందు ‘ఆయ్’ అనేసి, సంగతేంటో తర్వాత వినడం రావులపాలెంలో మాటలు నేర్చినప్పటి నుంచీ అలవాటు. అదే మాట ఇంగ్లీషులో ‘నేను’ అయిపోతుందని హిమాలయాల్లో ఔలి కొండమీద, కాళ్ళకి రెండు స్కీ బద్దలు బిగించుకుని నిలబడ్డాక తెలిసింది.

“గుడ్! కమ్, కమ్!” అన్నాడు ఇన్‌స్ట్రక్టర్. కళ్ళకి నల్లద్దాలు, నెత్తి నుంచి గడ్డం దాకా మంకీ క్యాప్. వచ్చిన దగ్గర్నుంచి ఆయన మొహం ఎవరూ చూడలేదు. నోరు తెరిస్తే హిందీ, లేకపోతే ఇంగ్లీషు. అందుకే భీమవరం సందీప్ ధైర్యంగా ఆయన ఎదుటే ‘ముసుగుదొంగ’ అని పేరు పెట్టేశాడు.

గణేష్‌బాబు కాస్త దూరం జారాడు. ఒక బద్ద బదరీనాథ్ వైపు, రెండోది ఢిల్లీ వైపు బయల్దేరాయి. మధ్యలో అతను కూలబడ్డాడు.

“ఎనీబడీ నీడ్స్ మోర్ ప్రాక్టీస్?”

నోట్లో మంచు ఉమ్ముకుంటూ లేచేసరికి సారు తనకేసే చూస్తున్నాడు. పలక్కపోతే బావుండదని “ఆయ్” అన్నాడు గణేష్‌బాబు. మళ్ళీ పైకెక్కించి మళ్ళీ తోశారు. మళ్ళీ పడ్డాడు.

సందీప్ తల పట్టుకున్నాడు. “నీకో దండంరా బాబూ! ఆ నోరు కాస్త కట్టేసుకో.”

“అలవాట్రా! దానంతటదే వచ్చేస్తంది.”

“కాలో చెయ్యో విరిగితే మీ నాన్నగారికి ఏం చెప్తావ్?”

ఆ మాటతో గణేష్‌బాబుకి చలిలోనూ చెమట పట్టింది. “కాకినాడలో ఎన్‌సీసీ క్యాంపని చెప్పి వచ్చాన్రా. మంచుకొండలంటే గుమ్మం దాటనిస్తారా? నిన్న ఎస్టీడీ బూత్ నుంచి మాట్లాడితే, ‘పళ్ళు టకటకలాడతన్నాయేంట్రా?’ అన్నారు.”

“ఏమన్నావ్?”

“సముద్రం గాలండి, అన్నాను.”

“కాలు విరిగితేనో?”

“కాకినాడలో మంచు కురిసింది, జారిపడ్డానండి అనాలి. నమ్ముతారేంటి? చదువు మానిపించి అరటితోటలో కూర్చోబెట్టేస్తారు! ఈ ముసుగుదొంగకి కాస్త జాలుంటే బావుణ్ణు.”

పక్కనే ఉన్న ముసుగుదొంగకి దగ్గు తెర వచ్చింది. పాపం, ఆయనకీ చలేనని జాలిపడ్డారు ఇద్దరూ.

దగ్గు తగ్గాక ఆయన పైనున్న పెద్ద వాలు చూపించాడు. “హూ విల్ కమ్ టు ద టాప్ విత్ మీ?”

గణేష్‌బాబు పెదాలు బిగించాడు. చాలదని పైన చెయ్యి కూడా అడ్డం పెట్టుకున్నాడు. ఇన్‌స్ట్రక్టర్ నెమ్మదిగా దగ్గరికొచ్చి, అతని భుజం మీద చెయ్యేశాడు.

“గణేష్‌బాబు?”

“ఆయ్!”

కుర్రాళ్ళు మంచులో పడి దొర్లి నవ్వారు. గణేష్‌బాబుకి మాత్రం ఏడుపు తన్నుకొచ్చింది. అరటిగెల మోసుకెళ్ళినట్టు ఆయనే అతన్ని పైదాకా తీసుకెళ్ళాడు.

“మోకాళ్ళు వంచు, మడమలు ఎడంగా తొయ్యి, ఆగిపోతావు,” అని ఇంగ్లీషులో చెప్పి, తను సగం వాలు దిగి ఆగాడు. కిందున్న వాళ్ళకి ఏదో చెబుతూ ఇటు వీపు పెట్టి నిలబడ్డాడు.

గణేష్‌బాబు ఇంకా దేవుళ్ళందరికీ మొక్కుకోవడం పూర్తి చెయ్యనే లేదు, బద్దలు కదిలిపోయాయి. మోకాళ్ళు మర్చిపోయాడు, మడమలు మర్చిపోయాడు. నేర్చుకున్న ఇంగ్లీషంతా మర్చిపోయాడు. ఎదురుగా ఇన్‌స్ట్రక్టర్ వీపు అంతకంతకీ పెద్దదవుతోంది. గుద్దితే తన కాళ్ళతో పాటు ఆయన కాళ్ళు కూడా పోయేలా ఉన్నాయి.

“సారూ! వచ్చేస్తన్నానండీ! గుద్దేస్తానండీ! కొంచెం పక్కకి జరగండీ!”

“ఒరేయ్, ఆయనకి తెలుగు రాదురా!” కింద నుంచి సందీప్ గొంతు చించుకున్నాడు. “మూవ్ అను! మూవ్!”

ఇన్‌స్ట్రక్టర్ వెనక్కి కూడా తిరక్కుండా ఒక్క అడుగు పక్కకి వేశాడు.

“ఆయ్! జరిగానండి. మాది సామర్లకోటండి... కాకినాడలో మంచు ఎప్పట్నుంచి కురుస్తందండీ?”