కువైట్ దుడ్లు

“మీకు దుడ్లు యాడ నుంచి వస్తాయి?”

గది తలుపు తీయకముందే ఇంటి ఓనరు పెద్దక్క అడిగింది. కల్లూరులో ఆ వారం శివజ్యోతిని ఈ ప్రశ్న అడిగిన నాలుగో ఇల్లది. మొదటి మూడు ఇళ్ళలోనూ ఆమె నిజమే చెప్పింది. మొగుడు పోయాడని, వితంతు పింఛను వస్తుందని, బట్టలు కుడతానని. మూడుచోట్లా మర్యాదగా గేటు దాకా సాగనంపారు. సోమవారం కూతురు హర్షిణికి కాలేజీ తెరుస్తారు. సామానేమో ఇంకా తెలిసినవాళ్ళ వసారాలోనే ఉంది.

హర్షిణి ఊరుకోలేకపోయింది.

“అట్లా అడగగూడదంట పెద్దమ్మా. దుడ్లు ఎట్లొస్తాయని చూసి ఇల్లు ఇయ్యకుంటే తప్పంట. అమెరికాలో శానాచోట్ల చట్టమే ఉండాదంట.”

“అయితే ఆడికే పోయి బాడుగకు దిగు పాపా. చట్టమొచ్చి నాకు బాడుగ కడ్తాదా?”

పెద్దక్క కుర్చీలో వెనక్కి వాలింది.

“మా ఆయన కువైట్‌లో ఉండాడు. నెల తిరిగేలోపల పంపుతాడు. బాడుగకొచ్చేటోళ్ళు గూడా అట్లే ఉండాల. పింఛనోళ్ళకు మాత్రం చచ్చినా ఇయ్యను. వాళ్ళకు ఒకటో తేదీ ఒక్కదినమే నవ్వు. గిన్నెలు తోమీ తోమీ ఏలు అరిగిపోయి, మిషన్లో ఏలిముద్ర పడకపోతే ఆ నెల గతేంది?”

శివజ్యోతి వెంటనే అందుకుంది.

“మా ఆయన గూడా కువైట్‌లోనే ఉండాడక్కా.”

పెద్దక్క ఆమెను ఎగాదిగా చూసింది. ఇంకేమీ అడగకుండా తాళంచెవి చేతిలో పెట్టింది.

ఆ రోజు నుంచి సాయంత్రమైతే అరుగు మీద ఇద్దరిదీ ఒకటే ముచ్చట. “ఆడ ఎండలు శానా ఎక్కువంట,” అనేది పెద్దక్క. “అవునక్కా, మా ఆయనా అదే చెప్తాంటాడు,” అనేది శివజ్యోతి. ఆయనకు సెలవు దొరకదు. ఈయనకూ దొరకదు. ఒకరి మొగుడి ఫోటో ఇంకొకరు అడిగిన పాపాన పోలేదు.

నెలాఖరుకొచ్చేసరికి శివజ్యోతికి దిగులు పట్టుకుంది. పింఛను ఈ ఊరికి మార్పించుకుంది కదా, ఒకటో తేదీన ఇంటికే తెచ్చిస్తారు. గేటు ముందు నిలబడి పేరు పెట్టి పిలుస్తారు. ఆ ఒక్క పిలుపుతో కువైటూ పోతుంది, ఇల్లూ పోతుంది.

ఒకటో తేదీ తెల్లారగానే తానే ఊరి సచివాలయానికి పరుగెత్తింది. పింఛన్లు పంచే సుధీర్ అప్పుడే సంచి భుజానికి తగిలించుకుంటున్నాడు.

“మా ఇంటికాడికి రావద్దప్పా, నీకు దండం పెడతా. ఈడనే ఇచ్చేయి. ఓనరమ్మకు తెలిస్తే ఇల్లు ఖాళీ చేపిస్తాది.”

“ఎవురింట్లో ఉండావక్కా?”

“పెద్దక్క ఇంట్లో.”

సుధీర్ సంచి దించి, పకపకా నవ్వాడు.

“బాడుగకున్నోళ్ళకు తెలీగూడదని, ఆ పెద్దక్క గూడా తన ఒంటరి మహిళ పింఛను ఇప్పుడే ఈడికొచ్చి తీసుకొని పాయె కదక్కా!”