ఇస్త్రీ చేసిన సముద్రం

పిల్లలు జంటలు జంటలుగా గ్యాలరీ మెట్లెక్కుతుంటే డ్రాయింగ్ మాస్టారికి ముచ్చెమటలు పోశాయి. అంతమందిలో ఆయన కళ్ళు వెతుకుతున్నది ఒక్కర్తినే.

వచ్చింది. వరసలో అందరికన్నా వెనక, తల వంచుకుని. క్లాసంతా పిచ్చుక అని పిలిచే పిల్ల.

రాకపోతే బాగుండునని పొద్దుటి నుంచీ కోరుకుంటున్నాడు. జ్వరమో, కడుపునొప్పో, ఏదో ఒకటి. పదేళ్ళ పిల్లకి జ్వరం రావాలని కోరుకునే మాస్టారు లోకంలో తనొక్కడే అయ్యుంటాడని తనని తనే తిట్టుకున్నాడు కూడా.

"మన సార్ బొమ్మ ఏది మేడం? ముందు అదే చూద్దాం!" పిల్లలు ఒకటే గోల.

"ముందు పాఠం, తర్వాతే బొమ్మ," అంది హెడ్మిస్ట్రెస్. "మాస్టారూ, ఆ సర్రియలిజం ఏమిటో మీరే చెప్పండి. నాకైతే ఆ పేరుకే నోరు తిరగదు."

చెప్పాడు. కల ఎలా ఉంటుందో బొమ్మ కూడా అలా వేయడమే అన్నాడు. కలలో మనింటి తలుపు తీసుకుని బయటికొస్తే బళ్ళో తేలతాం, అయినా ఆశ్చర్యపోం కదా, అదన్నమాట. ఒకాయన గడియారాన్ని ఎండకి మెత్తబడ్డ వెన్నలా చెట్టుకొమ్మ మీద వేలాడేశాడు. ఇంకొకాయన కోటూ టోపీ వేసుకున్న పెద్దమనిషి మొహానికి అడ్డంగా ఆకుపచ్చ ఆపిల్ పండు పెట్టాడు. ఒకావిడైతే టీ కప్పుకీ సాసరుకీ బొచ్చు తొడిగింది.

"ఛీ! టీ తాగితే నోట్లోకి వెంట్రుకలు రావూ?" అన్నాడొకడు.

అందరూ పగలబడి నవ్వారు. పిచ్చుక నవ్వలేదు.

ఇదే పాఠం కొన్ని నెలల కింద క్లాసులో చెప్పాడు. మీకొచ్చిన కల వేయండర్రా అన్నాడు. రఫ్ పనికి అటక మీది పాత కాగితాల కట్ట దింపి, తలా ఒకటి పంచాడు. ఎప్పటి పిల్లలవో బొమ్మలు ఒకవైపు ఉన్నా, రెండోవైపు ఖాళీయే కదా. ఆ బళ్ళో ఆ పొదుపు పాతదే. ఫెయిర్ చేయడానికి మాత్రం కొత్త షీటు.

ఎగిరే కార్లూ, కోరల దయ్యాలూ వచ్చిపడ్డాయి. పిచ్చుక ఇచ్చిన షీటు చూసి మాస్టారు పిల్లని దగ్గరికి పిలిచి తెగ మెచ్చుకున్నాడు.

సముద్రం మీద ఇస్త్రీపెట్టె పడవలా పోతోంది. అది పోయిన మేర అలలన్నీ చదునైపోయి, నీళ్ళు ఉతికిన దుప్పటిలా పరుచుకున్నాయి. పైన చొక్కాలు కొంగల బారులా ఎగిరిపోతున్నాయి.

ఏళ్ళ తరబడి ఆయన పూలకుండీలూ సూర్యాస్తమయాలూ వేస్తూనే ఉన్నాడు. ఏ గ్యాలరీ వాళ్ళూ వాటిని తగిలించడానికి ఒక్క మేకు కూడా ఇచ్చిన పాపాన పోలేదు. ఆ షీటు ఇంటికి పట్టుకుపోయి, కాన్వాసు ముందు పెట్టుకుని దించేశాడు. చెయ్యి ఎక్కడా తడబడలేదు. అలవాటైన దారిలో నడిచినంత సులువుగా సాగిపోయింది.

"నీ బొమ్మ ఎక్కడో పోయిందమ్మా," అని పిల్లతో అబద్ధం చెప్పాడు.

"పోతే పోయింది సార్," అంది పిచ్చుక గబగబా.

ఆ రోజు నుంచి ముందు బెంచీ వదిలేసి వెనక బెంచీకి పోయింది. పలకరిస్తే నేలచూపులు. దీనికి తెలిసిపోయింది అనుకున్నాడు మాస్టారు. ఆయనకి అన్నం సయించడం మానేసింది.

ఇప్పుడా బొమ్మ హాలు నడిమధ్యన, లైట్ల కింద వెలిగిపోతోంది.

"ఈ బళ్ళోనే చదువుకుని, ఈ బళ్ళోనే పాఠాలు చెబుతున్న మన మాస్టారు వేసిందర్రా ఇది!" అని హెడ్మిస్ట్రెస్ చప్పట్లు కొట్టించింది.

గ్యాలరీ యజమాని ముందుకొచ్చాడు. "అసలు ఈ ఆలోచన ఎలా వచ్చిందండీ మీకు?"

మాస్టారు పిల్లల వైపు చూడకుండా చెప్పాడు. "చిన్నప్పుడు మా అమ్మ వీధిలో అందరి బట్టలూ ఇస్త్రీ చేసేదండీ. పక్కన కూర్చుని చూస్తూ ఏవేవో ఊహించుకునేవాణ్ణి."

అమ్మ ఇస్త్రీ చేసిన మాట నిజమే. పోయిన అమ్మని కూడా దొంగతనానికి సాక్ష్యం తెచ్చుకున్నానే అని తన మీద తనకే అసహ్యమేసింది.

అప్పుడే ఎవరో వెక్కిళ్ళు పెట్టి ఏడుస్తున్న చప్పుడు. పిచ్చుక!

అందరూ అటు తిరిగారు. అయిపోయింది, పరువు గంగలో కలిసింది అనుకున్నాడు మాస్టారు. అలా అనుకున్నాక ఎందుకో కాస్త ధైర్యం వచ్చింది. పిల్లని పక్కకి తీసుకెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఏడవకమ్మా. తప్పు నాది. ఆ బొమ్మ నీదని ఇప్పుడే అందరి ముందూ చెప్పేస్తాను."

"వద్దు సార్! చెప్పకండి!" పిచ్చుక ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అది నాది కాదు సార్. నాకసలు కలే రాలేదు. రఫ్ కాగితం తిప్పితే వెనక ఉంది, చూసి దించేశా. మీరు అంత మెచ్చుకునేసరికి చెప్పడానికి భయమేసింది. ఇప్పుడు నా వల్ల మీరు కూడా వేరేవాళ్ళ బొమ్మ వేసేశారు."

గౌను జేబులోంచి నలిగిన కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది.

మాస్టారు మడతలు విప్పాడు. రంగు పెన్సిళ్ళు వెలిసిపోయాయి గానీ, అదే ఇస్త్రీపెట్టె, అదే సముద్రం, అవే చొక్కాలు. ఇంతకీ ఎవరి సొమ్ము కాజేశానో ఇప్పటికైనా తెలుసుకుందామని, కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని కింది మూల చూశాడు.

అక్కడ వంకరటింకర అక్షరాల్లో, ఐదో తరగతి అన్న మాట పక్కన, తన పేరే ఉంది.